ఎనిమిది సెకన్ల దారి

మూడు వారాల పోటీ. 3,285 కిలోమీటర్ల దూరం. దారిలో పిరనీస్, ఆల్ప్స్ పర్వతాలు. ఇంతా తొక్కాక మొదటివాడికీ రెండోవాడికీ మధ్య తేలిన తేడా... ఎనిమిది సెకన్లు! 1989 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం జాతకాన్ని తేల్చింది వెర్సాయ్ నుంచి ప్యారిస్ దాకా ఉన్న ఇరవై నాలుగున్నర కిలోమీటర్ల దారి. అంతకు సరిగ్గా రెండు వందల ఏళ్ల ముందు ఒక రాజుగారి జాతకాన్ని తేల్చిందీ ఆ దారే!

ప్యారిస్ వెళ్లిన మనవాళ్లు ఈఫిల్ టవర్ చూసిన మర్నాడు తప్పకుండా వెర్సాయ్ బాట పడతారు. పద్నాలుగో లూయీ కట్టించిన రాజభవనం, బంగారు పూత పూసిన గేటు, 357 అద్దాలు పొదిగిన అద్దాల మందిరం, కనుచూపు మేర తోటలు. చూసి చూసి కాళ్లు పీకుతాయి. తిరుగు ప్రయాణంలో బస్సెక్కగానే చాలామందికి కునుకు పడుతుంది. అసలు కథ ఉన్నది ఆ నిద్రపోయిన దారిలోనే.

వెర్సాయ్ కోట ముందు నుంచి చెట్ల వరసల మధ్య విశాలమైన రోడ్డు ఒకటి తూర్పుకి సాగుతుంది. దాని పేరే ప్యారిస్ అవెన్యూ. వీరోఫ్లే, షావీల్ అనే చిన్న ఊళ్లు దాటి పల్లానికి దిగుతూ, పింగాణీ సామాన్లకు పేరుపొందిన సెవ్ర్ దగ్గర సీన్ నదిని చేరుతుంది. అక్కణ్నుంచి నది ఒడ్డునే నగరంలోకి ప్రయాణం. పక్కనే ఈఫిల్ టవర్. ఆ తర్వాత ప్లాస్ ద లా కాంకార్డ్ అనే పెద్ద కూడలి. మూడు వేల ఏళ్లు దాటిన ఈజిప్టు రాతి స్తంభం ఉన్నది ఇక్కడే. అది దాటితే షాంజెలిజే. రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవు, డెబ్భై మీటర్ల వెడల్పు. చివర్లో యాభై మీటర్ల ఎత్తు విజయ తోరణం.

రాజుగారి ఆఖరి ప్రయాణం

1789 అక్టోబరు 5. ప్యారిస్‌లో రొట్టె దొరకడం లేదు. వేలమంది ఆడవాళ్లు వానలో తడుస్తూ వెర్సాయ్‌కి నడిచారు. మర్నాడు పదహారో లూయీని, రాణి మేరీ ఆంట్వనెట్‌ని బండి ఎక్కించి తమతో ప్యారిస్‌కి తీసుకొచ్చారు. రాజు మళ్లీ వెర్సాయ్ ముఖం చూడలేదు. 1793 జనవరి 21న, ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగే ఆ కాంకార్డ్ కూడలిలోనే గిలటిన్ కింద ఆయన తల తెగిపడింది.

ఆ విప్లవానికి రెండు వందల ఏళ్లు నిండిన సంవత్సరం 1989. ఆ ఏడాది సైకిల్ పందెం చివరి రోజుకి వెర్సాయ్ నుంచి ప్యారిస్ దారినే ఎంచుకున్నారు. ఈసారి చేతులు మారాల్సింది కిరీటం కాదు, పసుపు చొక్కా!

పత్రిక పెట్టిన పందెం

ఈ పందేన్ని మొదలుపెట్టింది ఒక దినపత్రిక. పేరు లోటో. అమ్మకాలు పెంచుకోవడానికి 1903లో ఫ్రాన్స్‌ను చుట్టివచ్చే సైకిల్ పోటీ ప్రకటించింది. ఆ పత్రిక అచ్చయ్యేది పసుపు కాగితం మీద. అందుకే 1919 నుంచి అందరికన్నా ముందున్నవాడికి పసుపు చొక్కా తొడుగుతున్నారు.

లెక్క సులువే. రోజుకో దశ. ప్రతి దశలో పట్టిన సమయాన్ని కూడుతూ పోతారు. మొత్తం ఎవరికి తక్కువైతే వారిదే పసుపు చొక్కా. సాధారణంగా చివరి రోజు ఊరేగింపులా సాగుతుంది. విజేత షాంపేన్ గ్లాసు పట్టుకుని ఫొటోలకు నవ్వుతాడు. 1989లో మాత్రం చివరి రోజున టైమ్ ట్రయల్ పెట్టారు. అంటే గుంపు ఉండదు, తోడు ఉండదు. ఒక్కొక్కరినే వదులుతారు. మనిషి, సైకిలు, గడియారం... అంతే!

చావు అంచుదాకా వెళ్లి...

పోటీ ఇద్దరి మధ్యే. ఒకరు ఫ్రాన్స్‌కు చెందిన లోరాన్ ఫిన్యాన్. పుట్టింది ప్యారిస్‌లోనే. కళ్లద్దాలు, వెనక్కి కట్టిన జుట్టు. కొంతకాలం యూనివర్సిటీలో చదవడంతో ‘ప్రొఫెసర్’ అని పిలిచేవారు. 1983, 84లలో టూర్ గెలిచి, తర్వాత కాలి గాయంతో వెనకబడి, మళ్లీ పుంజుకున్నాడు.

రెండోవాడు అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్. 1986లో టూర్ గెలిచిన తొలి అమెరికన్. 1987 ఏప్రిల్‌లో అడవికోళ్ల వేటకు వెళ్తే, బావమరిది తుపాకీ పొరపాటున పేలింది. ఒళ్లంతా సీసపు గుండ్లు. చాలా రక్తం పోయింది. ప్రాణం దక్కింది కానీ ముప్పైకి పైగా గుండ్లు ఒంట్లోనే ఉండిపోయాయి. వాటితోనే మళ్లీ సైకిలెక్కాడు.

ఆ ఏడాది సెకన్ల విలువ మొదటి రోజే తెలిసొచ్చింది. అంతకుముందు ఏడాది విజేత, స్పెయిన్‌కు చెందిన పెడ్రో డెల్గాడో లక్సెంబర్గ్‌లో మొదలుపెట్టే చోటుకి 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగా వచ్చాడు! అక్కడే పోగొట్టుకున్న సమయం మళ్లీ చేతికి రాలేదు. చివరికి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

అయిదో దశలో పసుపు చొక్కా లెమాండ్‌కి దక్కింది. పదో దశలో పిరనీస్ కొండల మీద ఫిన్యాన్ లాక్కున్నాడు. పదిహేనులో మళ్లీ లెమాండ్. పదిహేడో దశలో, ఇరవై ఒక్క మలుపుల ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద మళ్లీ ఫిన్యాన్. ఇలా దోబూచులాడి చివరి రోజుకి వచ్చేసరికి ఫిన్యాన్ యాభై సెకన్లు ముందున్నాడు.

జులై 23, మధ్యాహ్నం

ఇరవై నాలుగున్నర కిలోమీటర్లలో యాభై సెకన్లు. అంటే కిలోమీటరుకి రెండు సెకన్ల చొప్పున లాగాలి. అంత తేడా పూడ్చడం అయ్యే పని కాదన్నారు చాలామంది. కానీ లెమాండ్ సైకిలుకి కొత్త రకం హ్యాండిల్ ఉంది. ట్రయథ్లాన్ పోటీల్లో వాడేది. మోచేతులు దానిమీద ఆనించి, చేతులు ముందుకి చాపి, ఒళ్లు వంచి తొక్కొచ్చు. గాలి తక్కువ తగులుతుంది. తలకి గాలిని చీల్చే కోసు హెల్మెట్. దారిలో తన టైమెంతో ఎవరూ చెప్పొద్దన్నాడు.

ఫిన్యాన్ మామూలు హ్యాండిల్‌తో, తలకేమీ పెట్టుకోకుండా బయల్దేరాడు. దానికితోడు సీటు ఒరుసుకుని పుండు పడింది. కూర్చుంటే నరకం.

లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో గీత దాటాడు. గంటకు 54.5 కిలోమీటర్ల వేగం. దాటి, గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. రెండు నిమిషాలు వెనగ్గా బయల్దేరిన ఫిన్యాన్ షాంజెలిజే మీదికి వచ్చేసరికి సెకన్లు కరిగిపోతున్నాయి. సొంత ఊరు, రెండు పక్కలా సొంత జనం. 27 నిమిషాల 55 సెకన్లు! గీత దాటి అక్కడే కుప్పకూలాడు. యాభై సెకన్ల ఆధిక్యం పోయి, ఎనిమిది సెకన్ల ఓటమి మిగిలింది. టూర్ చరిత్రలో ఇంతకన్నా తక్కువ తేడా మరొకటి లేదు.

లెమాండ్ 1990లోనూ గెలిచాడు. ఫిన్యాన్ మళ్లీ టూర్ గెలవలేదు. 2010 ఆగస్టు 31న క్యాన్సర్‌తో, యాభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. రెండుసార్లు టూర్ గెలిచిన మనిషిని లోకం ఎక్కువగా గుర్తుపెట్టుకుంది మాత్రం ఆ ఎనిమిది సెకన్లతోనే. 1985లో బెర్నార్డ్ ఇనో తర్వాత 2025 దాకా ఒక్క ఫ్రెంచివాడూ టూర్ గెలవలేదు. అందుకే అక్కడివాళ్లకి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ హ్యాండిలో? టైమ్ ట్రయల్ సైకిళ్లన్నింటికీ అదే మామూలైపోయింది!

ఎప్పుడు వెళ్లాలంటే...

టూర్ జులైలో జరుగుతుంది. 1975 నుంచి ముగింపు షాంజెలిజేలోనే. ఒక్క 2024లో మాత్రం ఒలింపిక్స్ కారణంగా నీస్ నగరానికి మార్చారు. 2025లో మోమార్త్ర్ కొండ కూడా దారిలో చేరింది. రోడ్డు పక్కన నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు. ముందు వరసలో చోటు కావాలంటే మాత్రం కొన్ని గంటల ముందే చేరుకోవాలి.

జులై కాకపోయినా ఫర్వాలేదు. వెర్సాయ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు నిద్రపోకండి. షాంజెలిజే మీద దిగి, ఒకచోట నిలబడి, దూరంగా వస్తున్న సైకిలొకటి చూసుకుని ఎనిమిది అంకెలు లెక్కపెట్టండి. అది కొద్ది దూరమే కదులుతుంది. 3,285 కిలోమీటర్లు తొక్కాక ఆ ఇద్దరి మధ్యా మిగిలింది అంతే!