ఫిల్టర్ మార్చడం యజమాని పనే

అమెరికాలో డీజిల్ మోటార్‌హోమ్ నడిపేవాళ్లు ఇంధన ఫిల్టర్లు తామే మార్చుకోవడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. కారణం ఆ బండి వాడకంలోనే ఉంది. లారీ రోజూ తిరుగుతుంది. మోటార్‌హోమ్ నెలల తరబడి కదలదు. ట్యాంకులో తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది, ఆ నీటికీ డీజిల్‌కూ నడుమ సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడుతుంది. నేటి కామన్ రైల్ ఇంజిన్లలో ఇంధన పీడనం 1,600 బార్ల దాకా, ఆపైకీ పోతుంది. ఇంజెక్టర్ లోపలి సందులు కొన్ని మైక్రాన్లే. నీటిని వేరుచేసే మొదటి ఫిల్టరు, సన్నని మలినాన్ని ఆపే రెండో ఫిల్టరు వాటికి రక్షణ. ఆ ఫిల్టర్లు పూడుకుపోతే రాకీ పర్వతాలు ఎక్కే దారిలో, సాయం దొరకని చోట ఇంజిన్ బలం సన్నగిల్లుతుంది.

పని తెలియనివాళ్లు చెయ్యి పెడితే ఇంజిన్‌కే ముప్పు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. ఇంధన గొట్టాల్లోకి గాలి చొరబడితే బండి స్టార్టవకపోవచ్చు. రెండో ఫిల్టర్‌లో వడకట్టని డీజిల్ పోస్తే మలినం నేరుగా ఇంజెక్టర్లకు చేరుతుంది. అయితే రెండింటికీ మందు శుభ్రత, ఓపికే. ఇంజిన్ చల్లారాక రెండో ఫిల్టర్‌ను ఖాళీగానే బిగించి, ప్రైమింగ్ పంపుతో నింపి, లీకులు చూసుకోవాలి. దీనితో మెకానిక్ అవసరం తీరిపోదు. కానీ పాత ఫిల్టర్‌లోంచి వంచిన డీజిల్‌లో నీరో నల్లటి జిగురో కనిపిస్తే, ట్యాంకు ఎలా ఉందో యజమానికి ముందే తెలుస్తుంది. ఇంటినే వెంట తీసుకెళ్లేవాళ్లకు ఆ ఎరుక తప్పనిసరి.