క్షేమంగా నేల మీదికి



మా గురజాల ప్రాంతంలో చెట్టెక్కి బ్రతికే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. తాటిచెట్లెక్కే గీత కార్మికులున్నారు. మాచెర్ల దాటి నల్లమల అంచుకు వెళితే తేనె కోసం చెట్లూ కొండ చరియలూ ఎక్కే చెంచులున్నారు. వెనుకటి రోజుల్లో చెట్టు మీద మంచె కట్టుకొని రాత్రంతా జంతువుల కోసం కాచినవారూ ఉన్నారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేట నేరమైపోయింది. తేనె వేట మాత్రం మిగిలింది.

ఇళ్ళు దర్శించేటప్పుడు చెట్టు మీదనుండి పడి మంచం పట్టినవారిని మేము చూస్తున్నాము. ఎలా జరిగిందని అడిగితే ఇంటివారు తరచుగా చెప్పేది ఒకటే: "పని అయిపోయిందండీ అయ్యగారూ, దిగుతున్నాడు." ఎక్కేటప్పుడు ఒంట్లో సత్తువ ఉంటుంది, కన్ను పైన ఉంటుంది. దిగేటప్పుడు చేతులు అలసిపోతాయి. నడుముకు నిండిన లొట్టి బరువు తోడవుతుంది. కాలు పెట్టే చోటు కనబడదు. మనస్సు అప్పటికే ఇల్లు చేరి ఉంటుంది. 50 అడుగుల ఎత్తునుండి జారిన మనిషి రెండు సెకన్లలోపే నేలను తాకుతాడు. అప్పటి వేగం గంటకు 60 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో దేన్నైనా పట్టుకుందామన్నా వ్యవధి ఉండదు.

అలాంటి ఒక కుటుంబానికి మంచి తాళ్ళూ నడికట్టూ కొనిపెడదామని మేము సంఘంలో ప్రస్తావించినప్పుడు ఒక సహోదరుడు లేచి, "కల్లు గీసేవానికి మనం తాడు కొనడమేమిటండీ?" అన్నారు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోలేదు. త్రాగుడు ఎన్ని కాపురాలను కూల్చిందో మేమెరుగుదుము. దానిని గూర్చి బోధించడం మానము. అయితే చెట్టు మీదున్న ఆ మనిషికి భార్య ఉంది, బడికి వెళ్ళే పిల్లలున్నారు. జక్కయ్య మేడిచెట్టు ఎక్కిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అతని వృత్తిని చూసి ఊరంతా సణుగుకొన్నది. ప్రభువు మాత్రం ముందు అతణ్ణి దిగమన్నాడు, ఆ తరువాత అతని ఇంటికి వెళ్ళాడు. ఈ మాట చెప్పగా ఆ సహోదరుడే మొదటి చందా ఇచ్చారు.

ఇక తాడు సంగతి. గీత కార్మికుని మోకు చెట్టునూ నడుమునూ కలిపి పట్టి ఉంచుతుంది. కాలు జారితే, ఒక్కొక్కసారి మోకుతో సహా మనిషి కిందికి వస్తాడు. తెలంగాణలో 2024 జూలైలో "కాటమయ్య రక్ష" పేరుతో గీత కార్మికులకు రక్షణ సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టారు. కాలు జారినా మనిషి నేల దాకా పడకుండా తాడు ఆపడమే దాని ఉద్దేశం. అమెరికాలో జింకల వేటకు చెట్టెక్కేవారికి కూడా శిక్షకులు ఇదే నేర్పుతారు: నేల విడిచింది మొదలు మరల నేల తాకేవరకు తాడు విప్పకూడదు. నడుముకే కట్టే పట్టీ పడినప్పుడు కడుపును నొక్కి, ఊపిరి ఆడనివ్వదు. భుజాలకూ తొడలకూ చుట్టే పట్టీలే మేలు.

కొండ ఎక్కేవారు తాడు మీద జారుతూ దిగడాన్ని రాపెలింగ్ అంటారు. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఒక లోహపు కడియంలోనుండి తాడు మెలి తిరిగి పోతుంది. ఆ ఒరిపిడే మనిషి బరువును మోస్తుంది. కింది వైపు తాడును పట్టుకొన్న చేయి నేల తాకేవరకు వదలకూడదు. తాడు కొసన పెద్ద ముడి వేసి ఉంచాలి, లేకపోతే తాడు చాలని చోట మనిషి కొసనుండి జారిపోతాడు. చేయి వదిలినా ఆపేందుకు సన్నని తాడుతో బిగుసుకొనే ముడి ఒకటి వేస్తారు. దానిని ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో లోకానికి తెలిపాడు. ఇదంతా చదివి చేసేది కాదు. తెలిసినవారి యెదుట, ముందు తక్కువ ఎత్తులో నేర్చుకోవాలి.

చెంచులు ఈ పాఠం మరో విధంగా ఎరుగుదురు. చరియ మీదినుండి తేనె తీసేవాడు దిగేటప్పుడు పైన తాడు దగ్గర బావమరిదిని నిలబెడతారని విన్నాము. తన చెల్లెలు విధవరాలు కావడం ఏ అన్నకూ ఇష్టముండదు గదా!

ఇంకొక సంగతి తప్పక తెలుసుకోవాలి. తాడు ఆపినందువల్ల గండం గడిచిందనుకోరాదు. కదలకుండా వేలాడుతుంటే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి కొద్ది నిమిషాలలో స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. వేలాడేవారు కాళ్ళు కదిలిస్తూ ఉండాలి. తాడుకు ఒక ఉచ్చు వేసుకొని దానిలో పాదం మోపితే మరీ మంచిది. కిందనున్నవారు త్వరగా దింపాలి. అందుకే ఒంటరిగా చెట్టెక్కవద్దు. ఒకవేళ నేల మీద పడితే కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో వేయకండి. వెన్నెముక విరిగి ఉంటే ఆ ఎత్తడంతోనే కాళ్ళు శాశ్వతంగా పడిపోవచ్చు. తల, మెడ కదలకుండా పట్టుకొని 108కి ఫోన్ చేయండి.

చెట్టెక్కేవారున్న ప్రతి ఇంటి తల్లికీ మా మనవి. వారానికొకసారి ఆ తాడును పగటి వెలుగులో మూరమూరకూ చేత్తో తడిమి చూడండి. నూలు తెగినా, పీచు లేచినా, చెట్టుకు రాసుకొన్న చోట సన్నబడినా దానిని పశువులకు కట్టడానికి వాడుకోండి. కొత్త తాడుకు డబ్బు చాలకపోతే మీ సంఘ కాపరితో సిగ్గుపడకుండా చెప్పండి.