అడుగు వడ్లు

ఎక్స్‌పో స్టేషన్లో రైలు దిగి, పక్కనున్న మాల్‌లోంచి నడిచి, కప్పు వేసిన దారుల వెంట వెళ్తే చాంగీ బిజినెస్ పార్క్‌లో మా ఆఫీసు వస్తుంది. డిసెంబర్లో ఇక్కడ జోరు వానలు. అయినా ఆ దారిలో నేను గొడుగు విప్పిన రోజులు తక్కువే.

నా ఉద్యోగమేమిటో ఇంట్లో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను. "ఫ్యాక్టరీలో సరుకు ఎంత ఉండాలో లెక్కలేస్తానమ్మా" అంటే, "ఆ ఫ్యాక్టరీ యాడుంది?" అని అడిగింది మా అమ్మ. తడ దగ్గర శ్రీసిటీలో అన్నాను. మాది నాయుడుపేట పక్కన పల్లె. "మన పక్కనుండే దానికి లెక్కలెయ్యడానికి సింగపూర్ పోవాల్నా?" అంది. నవ్వేసి ఊరుకున్నాను.

ఆ లెక్క పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక వస్తువు రోజుకెంత ఖర్చవుతుంది, ఆర్డరిస్తే ఎన్ని రోజులకొస్తుంది, ఆ రెండూ తేడా కొడితే ఆదుకోవడానికి అదనంగా ఎంత ఉంచాలి. ఆ అదనాన్నే సేఫ్టీ స్టాక్ అంటారు. ఎక్కువుంచితే డబ్బు ఇరుక్కుంటుంది, జాగా నిండుతుంది, జిగురులాంటివైతే గడువు దాటి పారబొయ్యాలి. తక్కువుంచితే లైను ఆగుతుంది.

2023 అక్టోబర్లో, స్టోర్స్‌లో జాగా చాలడం లేదని, నిల్వలు తగ్గించే పని నాకొచ్చింది. పెట్టెల్లో సరుకు కదలకుండా పెట్టే ఫోమ్ ముక్కలు నా కంట పడ్డాయి. ధర తక్కువ, ఆక్రమించే చోటు మాత్రం చాలా ఎక్కువ. రోజుకి 400 సెట్లు ఖర్చు. చెన్నై శివార్ల నించి మూడు పనిరోజుల్లో వస్తాయి. సేఫ్టీ స్టాక్ మాత్రం 2000, అంటే అయిదు రోజుల సరుకు. జనవరి నించి సెప్టెంబర్ దాకా వచ్చిన ప్రతి లోడు తారీఖూ తీసి చూశాను. ఒక్కటి కూడా ఒక రోజు మించి ఆలస్యం కాలేదు. 600 చాలని తేలింది. అంటే నిల్వ 3200కి దిగినప్పుడు వెళ్లే ఆర్డరు ఇకమీదట 1800కి దిగినప్పుడు వెళ్తుంది.

స్టోర్స్‌లో పెద్దాయన ఫోన్ చేశాడు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి.

"సార్, ఫోమ్ తగ్గించినట్టుండారే. సంక్రాంతి దాకా ఆగితే బాగుండు."

"ఎందుకన్నా? తొమ్మిది నెలల్లో ఒక్క లోడు కూడా లేటు కాలేదు కదా."

"తొమ్మిది నెలలు ఎండలే కద సార్. మనకి వానలు ఇప్పుడు కదా మొదలయ్యేది."

నాకా మాట తెలియనిది కాదు. నైరుతి మాకు అంతంతమాత్రం. మా చెరువులు నిండేదీ, వరి నాటేదీ ఈశాన్య రుతుపవనాలకే. చిన్నప్పుడు వానకి బడి సెలవులంటే నవంబర్, డిసెంబర్లే. ఇక్కడ చాంగీలో కురిసేదీ ఆ రుతుపవనమే. కానీ నా ఎక్సెల్ షీట్లో అక్టోబర్ నించి డిసెంబర్ దాకా లేవు. చూద్దాంలే అన్నా, అని పెట్టేశాను. జాగా మిగిలినందుకు పైవాళ్ల నించి మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది.

నవంబర్ 30, గురువారం నాటికి నిల్వ 1800. ఆర్డరు వెళ్లింది. సోమవారానికి లోడు రావాలి. ఆ సోమవారమే మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచింది. విమానాశ్రయమే మూసేశారు. మర్నాడు తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఫ్యాక్టరీకి రెండు రోజులు సెలవు. బుధవారం తెరిచేసరికి 1000 సెట్లున్నాయి. శుక్రవారం మధ్యాహ్నానికి ఒక్కటి లేదు. ఫోమ్ చేసేవాళ్ల షెడ్డులో అప్పటికింకా నీళ్లు. లోడు వచ్చింది 11వ తేదీ సోమవారం సాయంత్రం. లైను ఆగింది రెండున్నర రోజులు. పాత లెక్కే ఉండి ఉంటే ఇంకో మూడున్నర రోజులు నడిచేది.

"లైనులో అరవై మంది ఆడపిల్లోళ్లు సార్, కాంట్రాక్టు మింద. బస్సులో ఇండ్లకి పంపించేసినారు. పని లేకపోతే కూలి లేదు కదా." పెద్దాయన ఇంతే చెప్పాడు. నేను చెప్పలేదా అని ఒక్క మాటనలేదు.

సరుకు దాచినందుకయ్యే ఖర్చు నా షీట్లో ఉంది. వడ్డీ, అద్దె, ఇన్సూరెన్స్ అన్నీ వేశాను. ఆ అరవై మంది రెండున్నర రోజుల కూలికి అందులో గడి లేదు.

లైను ఎందుకాగిందో రిపోర్టు రాయాల్సింది నేనే. కారణం దగ్గర "తుపాను" అని రాశాను. అబద్ధం కాదు. ఎవరూ మళ్లీ అడగలేదు. ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా నాయనమ్మ వడ్లు కొలిచేటప్పుడు "ఒకటి" అనేది కాదు. "లాభం, రెండు, మూడు..." అని ఎంచేది. కొత్త వడ్లు ఇల్లు చేరేదాకా పాతరలో అడుగు వడ్లు ముట్టనిచ్చేది కాదు. కొన్నేళ్లు అవి పురుగు పట్టి పోయేవి. తాతయ్య సణిగేవాడు. ఆవిడ ప్రతిసారీ ఒప్పని నేననను, కానీ ఆ అడుగు ఎంతుండాలో ఆవిడ చెరువు వైపు చూసి చెప్పేది.

అవసరానికి సరిపడా మాత్రమే తెచ్చుకోవడమనే పద్ధతికి పేరు తెచ్చిన టయోటా కూడా 2011 భూకంపం తర్వాత చిప్‌లను నెలల తరబడి నిల్వ ఉంచమని సరఫరాదారులకి చెప్పింది. వరి పండని ఈ సింగపూర్లో బియ్యం దిగుమతి చేసేవాళ్లు నెలకి తెచ్చేదానికి రెండింతలు గిడ్డంగిలో ఉంచాలని నియమం. ఇవన్నీ నేను పాఠంలా చదువుకున్నవే.

ఇప్పుడు ఆ ఫోమ్‌కి రెండు అంకెలున్నాయి. జనవరి నించి సెప్టెంబర్ దాకా 600, అక్టోబర్ నించి డిసెంబర్ దాకా 2000. మిగతా సామాన్లకి కూడా అంకె మార్చేముందు స్టోర్స్‌కి ఫోన్ చేస్తాను. పెద్దాయన రిటైరయ్యాడు. ఆ చోట్లోకి సూళ్లూరుపేట కుర్రాడొకడు వచ్చాడు. మొదటిసారి చేసినప్పుడు, "సార్, సిస్టంలో ఉన్నట్టే పెట్టేద్దాం" అన్నాడు.

"సిస్టం సంగతి నేను చూస్తాలే గానీ, మీ చెరువులో నీళ్లెంతున్నాయి తమ్ముడూ?" అని అడిగాను.

ఒక్క క్షణం ఆగి, "సాయంత్రం చూసి చెప్తా సార్" అన్నాడు. చెప్పాడు కూడా.