చిలుక లేని జోస్యము

చిలుక జోస్యమునకు సాధారణముగా 27 చీటీలు, నక్షత్రమున కొకటి. చిన్ననాట జాతరలలో చూచిన ఆ వేడుకను మా ఇంట నిలుపవలెనని నా భార్య, పిల్లలు పోగుచేసిన క్రికెట్ ఆటగాండ్ర బొమ్మకార్డుల వెనుక కాగితము లంటించి, నక్షత్ర ఫలములను తెలుగున వ్రాసినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి చిలుకను పంజరమున ఉంచరాదు. చీటీ తీయు పని మనుమరాలిదే.

భార్య గతించినది, సిరాయు వెలిసిపోవుచున్నది. తొడుగులకై భాల్కి అంగడికి పోతిని. పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు వ్రాతను కాపాడును గాని, ఫలమును ముందే చూపును. కాగితపు కవరు ఫలమును దాచును గాని, చేతి చెమటకు మాయును. ఒక్కటి నలిగినను గుర్తుపట్టవచ్చును. ఇక అది జోస్య మెట్లగును? కావున ప్రతి కార్డునకు ప్లాస్టిక్ తొడుగు వేసి, దానిపై ఒకే రంగు శుభలేఖ కవరు తొడిగితిని. నలిగిన కవరును మార్చవచ్చును. ఆ వ్రాతను మరల వ్రాయువారు లేరు.

1956లో బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది. ఖటక్ చించోళిలో మా పిల్లల బడి చదువు కన్నడమే. తెలుగు ఇంటనే నేర్వవలెను. మొన్న మనుమరాలు ఒక చీటీ తీసి, వెనుకకు త్రిప్పి, నా చేతి కిచ్చినది.

"తాతా, నానమ్మ ఏమి వ్రాసింది?"

చదివి వినిపించితిని. ఆ సాయంకాలమే పలక తెప్పించితిని.