మూడు శిఖరములు

ఏబదియేండ్లు దాటిన స్త్రీలకు కొండలతో నేమి పని యని మా యింటివారందఱును నవ్విరి. ఆ నవ్వే మాకు కంకణమైనది. మా వదినగారును నేనును గూర్చుండి తూర్పు కనుమలలో మూడు శిఖరముల నెన్నుకొంటిమి. అందు ఎత్తున గొప్పవి రెండు: ఆర్మకొండ, దేవమాలి. పేరున గొప్పది యొకటి: మహేంద్రగిరి. కాళ్లలో సత్తువ యుండగానే ఈ మూడింటిని కాలినడకను ఎక్కవలెనని మా సంకల్పము.

తూర్పు కనుమలు పడమటి కనుమలవలె నెడతెగని గోడ కావు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న వానిని ఖండించుకొని సముద్రమున కేగుచున్నవి. పడమట ఆనముడి 2695 మీటర్ల యెత్తున నుండగా, మన ఆర్మకొండ 1680 మీటర్లు మాత్రమే. అయినను ఎక్కువాని మోకాళ్లకు ఆ తారతమ్యము తెలియదు.

2023వ సంవత్సరమున మహాశివరాత్రినాడు మహేంద్రగిరి నెక్కితిమి. దీని యెత్తు 1501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేసిన తావని ప్రసిద్ధి. పైన కుంతి, భీముడు, ధర్మరాజు పేర్లతో ప్రాచీన శిలాలయములు గలవు. ఆ రాత్రి వేలకొలది భక్తులు దీపములతో నెక్కుచుండగా మాకు శ్రమ తెలియలేదు. ఈ కొండనుండి పుట్టిన మహేంద్రతనయ బారువయొద్ద సముద్రమున గలియుచున్నది.

ఆ యేడే మార్గశిరమున అరకుమీదుగా రైలులో, సొరంగములు దాటుచు కోరాపుట్టు చేరితిమి. దేవమాలి 1672 మీటర్లు. ఒడిస్సాలో నింతకంటె నున్నతశిఖరము లేదు. శిఖరసమీపము వఱకు బండ్లు పోవు బాట యున్నది. "బండిలో పోయిన ఎక్కినట్లా?" అని వదినగా రడిగిరి. కాదని నిశ్చయించి బండిని దిగువనే నిలిపి నడిచితిమి. పైన చెట్లు తక్కువ. గడ్డి మీద గాలి విసరుచుండ, కనుచూపు మేర కొండల వరుసలే. మా గర్వమునకు మేర లేకపోయెను.

ఆ గర్వమే ఆర్మకొండకడ మమ్ము చెఱచినది. 2024వ సంవత్సరము కార్తీకమున పాడేరు చేరితిమి. వలిసె చేలు పసుపు పఱచినట్లు పూచియున్నవి. సిల్వరుఓకు చెట్ల నీడను కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగెలు. దారి చూప నొక గిరిజన స్త్రీ మాతో వచ్చినది. ఆమె చెప్పులు లేకయే నడచుచు, నడుమ నడుమ అడ్డాకులు కోసి కట్ట గట్టుచుండెను. మాకు సాహసమైనది ఆమెకు దినకృత్యము!

సగము దాటినపిదప వదినగారి మోకాలు వాచినది. ఒక బండపై గూలబడి, "అమ్మాయీ, నీవు పోయి రమ్ము. ఒకరెక్కినను ఇద్దర మెక్కినట్లే" అనిరి. నేను రెండవ మాట లేక ముందుకు సాగితిని. ఇప్పటికిని నాకు సిగ్గు గొలుపునది ఆ తొందరయే.

కొంతదూరము పోవుసరికి మంచు క్రమ్మినది. దారి చూపునామె నిలిచి, "ఇంక పోవలదమ్మా. దిగుదారి కనబడదు" అన్నది. నేను మందలించితిని, అధికముగా సొమ్మిత్తు నంటిని. ఆమె కదలక, "ఆ యమ్మ క్రింద నొంటరిగా నున్నది కదా!" అని మాత్ర మన్నది.

నా గుండె జల్లుమన్నది. ఆ మంచు వదినగారినిగూడ మూసియుండును. పిలుచుచు దిగితిమి. మొదటి పిలుపునకు బదులు లేదు, రెండవదానికిని లేదు. మూడవసారి క్రిందినుండి సన్నని గొంతు వినవచ్చినది. నేను పోయి ఆమె చేతులు పట్టుకొంటిని. అవి మంచువలె చల్లబడియున్నవి. "శిఖరము చూచితివా?" అని యామె యడిగినది. లేదని చెప్పి యేడ్చితిని.

సోదరీమణులారా, మీలో నెవరైన కొండల నెక్కదలచినచో నా యనుభవమునుండి నాలుగు మాటలు వినుడు. వేయి మీటర్ల యెత్తునకు సుమారు 6 డిగ్రీలు చలి పెరుగును గనుక ఎండకాచు దినముననైనను శాలువ వెంట నుంచుకొనుడు. తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నమునకు దిగుట మొదలిడుడు. ఆ యూరివారిని దోడు దీసికొని, వారు వలదన్నచోట నిలువుడు. తోడివారి నెన్నడును ఒంటరిగా విడువకుడు.

మూడవ శిఖర మింకను మిగిలియున్నది. వదినగారి మోకాలు కొంత కుదుటబడినది. రాబోవు మాఘమున మరల పోవుదము. ఈమాఱు ఆమె యెంతవఱకు నడచునో మాకు శిఖర మంతవఱకే.