పూలకుండీలో ప్రయాణం

హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని సుమారు 30 కిలోమీటర్లు పోతే పటాన్‌చెరు వస్తుంది. అక్కడి నుంచి సంగారెడ్డి వైపు దారి పొడుగునా ఎన్నో ఫ్యాక్టరీలు. ఒకప్పుడు ఇక్కడ ఎక్కువగా చేలూ, బీళ్ళూ ఉండేవి. మెట్టపంటల పరిశోధనకు 1972లో ఇక్రిశాట్ సంస్థ వెలిసింది కూడా ఇక్కడే. ఎర్రనేల, నల్లరేగడి రెండూ పక్కపక్కనే ఉండటం ఈ చోటి విశేషం.

ఈ నేలలో ఒక చిత్రమైన పాము ఉన్నది. తొలకరి వానలు పడ్డాక పెరట్లో పూలకుండీ జరిపితే ఒక్కొక్కప్పుడు కనిపిస్తుంది. జానెడు పొడవైనా ఉండదు. నల్లగా నిగనిగలాడుతూ అచ్చం వానపాములా ఉంటుంది. కాని వానపాము ఒంటినిండా ఉంగరాలవంటి గీతలుంటాయి. దీనికి సన్నని పొలుసులుంటాయి. కళ్ళు పొలుసుల కింద రెండు చుక్కలు మాత్రమే. అందుకే గుడ్డిపాము అనే పేరు వచ్చింది. తల ఏదో, తోక ఏదో పోల్చుకోవటం కష్టం. 1796లో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు మన తీరపు పాములను గురించి పుస్తకం అచ్చువేయించాడు. విశాఖపట్నంలో దొరికిన ఈ పాముకు "రెండు తలల పాము" అనే తెలుగు పేరే అందులో రాశాడు.

ఇంత చిన్న ప్రాణి సముద్రాలు దాటింది! పూలకుండీల మట్టిలో దాక్కుని ఓడలెక్కింది. ఈ జాతిలో అన్నీ ఆడపాములే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. కనక కొత్తచోటికి ఒక్కటి చేరినా చాలు, సంతతి బయలుదేరుతుంది. 1970ల చివరికల్లా ఇది అమెరికాకు ఆగ్నేయాన ఉన్న ఫ్లోరిడా చేరింది. అక్కడివారు దీన్ని "పూలకుండీ పాము" అంటారు. చీమల గుడ్లు, చెదల పిల్లలు తిని బతికే ఈ పాము వల్ల అక్కడ చెప్పుకోదగ్గ హాని ఏదీ జరగలేదు.

అదే ఫ్లోరిడాకు బర్మా కొండచిలువ కూడా వెళ్ళింది. సరదాకు పెంచుకునేవారు తెప్పించుకున్నారు. అవి పెరిగి పెద్దవయ్యాక కొందరు విడిచిపెట్టారు. ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి అడవుల్లో అవి తామరతంపరగా పెరిగాయి. కుందేళ్ళు, రకూన్ అనే జంతువులు దాదాపు కనబడకుండా పోయాయి. ఇప్పుడు ప్రభుత్వమే డబ్బిచ్చి కొండచిలువలను పట్టిస్తున్నది. మన ఈశాన్య రాష్ట్రాల అడవులు దాని సొంత ఇల్లు. అక్కడ అదే పామును చట్టం కాపాడుతున్నది. ఏ ప్రాణి మంచిచెడ్డలైనా అది ఉన్న చోటును బట్టే ఉంటాయి.

పిల్లలూ, ఏ పామునూ మీరు ముట్టుకోకండి. కట్లపాము పిల్ల కూడా చిన్నదే, నల్లనిదే. ఒంటిమీద తెల్లని కట్లుంటాయి. పుట్టుకతోనే విషం ఉంటుంది. నాగుపాము, రక్తపింజర కూడా ఈ ప్రాంతంలో తిరుగుతాయి. ఎవరినైనా పాము కరిస్తే కట్టు బిగించటం, గాటు పెట్టటం, మంత్రం వేయించటం వద్దు. మనిషిని కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. విరుగుడు మందు అక్కడ ఉంటుంది.

స్నానాలగదిలో గుడ్డిపాము కనబడగానే చాలామంది చెప్పు అందుకుంటారు. అది విషంలేనిది. పెద్దవాళ్ళను పిలవండి. వాళ్ళు చూసి, కాగితం మీదికి ఎక్కించి బయట తడిమట్టిలో వదిలితే, క్షణంలో లోపలికి దూరిపోయి మీ పెరటి చెదల పని చూసుకుంటుంది.