మా జీపు స్టీరింగ్ ఎందుకు కొట్టుకునింది

ఈ వారం టమోటా రేటు గురించి రాస్తానని చెప్పినా. రేటు గురించి కొత్తగా రాసేదానికి ఏముంది, మీకే తెల్సు. అందుకని జీపు గురించి రాస్తాండా. పాత జీపు, జిప్సీ, జిమ్నీ లాంటి బండి ఉండి, దాన్ని ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించుకున్న పిల్లోళ్లు మీ ఇండ్లల్లో ఉంటే వాళ్లకు ఈ పోస్టు చూపించండి. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పోయిన కార్తీకంలో మదనపల్లెకు పోతాండాము. నేను తోలుతాండా. పక్కన మా ఇంటామె, ఆమె ఒళ్లో మనవరాలు, మూడేండ్ల బిడ్డ. అంగళ్లు ఇంకా రాలేదు. బండి 60 మీద ఉంది. కల్వర్టు దగ్గర రోడ్డులో చిన్న గతుకు. పెద్ద గుంత కూడా కాదు, రోజూ దాటేదే. ఎడమ టైరు దాంట్లో దిగి లేచింది. అంతే, స్టీరింగ్ కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. వణుకు అంటే మీరు అనుకునే వణుకు కాదు. ముందర రెండు చక్రాలూ కుక్క ఎలకను పట్టుకోని విదిలించినట్లు విదిలిస్తాండాయి. బానెట్టు ఊగుతాంది, అద్దం చట్రం పటపటమంటాంది. చేతుల్లో బలమంతా పెట్టి పట్టుకున్నా నిలబడలేదు. ఎదురుగా లారీ. బ్రేకు గట్టిగా తొక్కినా, ఇంకా ఎక్కువైంది. బండి రోడ్డు మధ్యకు పోయింది. లారీ డ్రైవరు మంచోడు, మట్టిలోకి దిగి తప్పించినాడు. మా బండి 30కి వచ్చినాక, ఏమీ జరగనట్లు వణుకు ఆగిపోయింది.

మా ఇంటామె బిడ్డను ఎత్తుకోని దిగేసింది. "ఇంగ నేను ఈ బండి ఎక్కను" అనింది. ఆ పొద్దు వాళ్లిద్దరూ బస్సులో పోయినారు. నేను ఒక్కడినే 30 మీద తోలుకుంటా పోయినా.

ఈ జీపు ఎంఎం 540. మా నాయన 1996లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. చెనిక్కాయ మూటలు మోసింది, పెండ్లికొడుకుల్ని మోసింది, బోరు మోటార్లు మోసింది. ముందర ఒకటే ఇరుసు, అటూ ఇటూ కమాన్ కట్టలు. ఇన్నేండ్లలో స్టీరింగ్ ఎప్పుడూ ఇట్లా కొట్టుకోలేదు. మా పెద్దోడు బెంగళూరు ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చినాక దాని మీద మనసు పడినాడు. పోయిన దసరాకు బెంగళూరు తీసుకపోయి, పొడుగు షాకిళ్లు వేయించి, కమాన్‌కు పట్టీలు చేర్పించి ఎత్తు పెంచినాడు. వెడల్పు రిమ్ములు, 31 అంగుళాల టైర్లు. పాత టైర్లకంటే రెండు మూడంగుళాలు పెద్దవి. అన్నీ కలిపి లక్ష దాటింది. చూసేదానికి బాగుంటుంది, నేనేమీ అబద్ధం చెప్పను. ఊర్లో పిల్లోళ్లందరూ ఫోటోలు దిగినారు.

కాబట్టి ఆ రాత్రి ఇంటికొచ్చినాక నేను ఏమన్నానో మీరు ఊహించుకోవచ్చు. "నీ సోకు నా మనవరాలి ప్రాణం మీదికి తెచ్చింది" అన్నా. వాడు ఒక మాట కూడా తిరిగి అనలేదు. లేచి పోయి మిద్దె మీద పడుకున్నాడు. తర్వాత పది దినాలు మా మధ్య మాటల్లేవు. నీళ్లు కట్టే పని కూడా వాళ్లమ్మ ద్వారానే చెప్పుకున్నాము.

వాడే బండిని ఒక షాపుకు తీసుకపోయినాడు. వాళ్లు వీల్ బ్యాలెన్సింగ్ చేసినారు. కుడి పక్క రిమ్ము కొంచెం వంకర ఉందని చెప్పి మార్చినారు. కొంత తగ్గింది గానీ పోలేదు. ఇంకో షాపువాళ్లు స్టీరింగ్ డ్యాంపర్ బిగించినారు. అంటే షాక్ అబ్జార్బర్ లాంటిదే, అడ్డంగా స్టీరింగ్ రాడ్డుకు ఉంటుంది. బండి నున్నగా పోయింది. మేమిద్దరమూ మళ్లా మాట్లాడుకోవడం మొదలుపెట్టినాము. నెల దినాలు బాగుంది. ఒక తెల్లారుజామున వెనక ట్రాలీలో టమోటా బాక్సులు వేసుకోని మండీకి పోతాంటే మళ్లా కొట్టింది, మొదటిసారి కంటే గట్టిగా. ట్రాలీ పాములాగా ఊగి నాలుగు బాక్సులు రోడ్డు పాలైనాయి. డ్యాంపర్ విప్పి చూస్తే దాంట్లో నూనె కారిపోయి ఉంది. జబ్బు ఉండగా నొప్పి మాత్ర మింగినట్లు అయింది మా పని. డ్యాంపర్ చెడ్డదని చెప్పడం లేదు. లోపల ఉన్న వదులును అది నెల దినాలు దాచిపెట్టింది, అంతే.

అప్పుడు నేను పాత భాయ్ దగ్గరికి పోయినా. ఆయనకు 70 దాటింది, షాపు కొడుకులకిచ్చేసినాడు. మా నాయన కాలం నుంచి ఈ జీపు తెలిసినోడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్ల కల్లా చూసి నవ్వినాడు. "ఏమయ్యా, ముసలోనికి బూట్లు తొడిగించినారే" అన్నాడు. మావాడు తల వంచుకున్నాడు. నాకు లోపల సంతోషమే అనిపించింది, దాచుకోను.

ఆయన చేసింది నేను మొత్తం నిలబడి చూసినా, అందుకే రాస్తాండా. ముందు పానా పట్టుకోలేదు. మావాడిని సీట్లో కూర్చోబెట్టి, బండి నేల మీదే ఉండగా, స్టీరింగ్‌ను కొంచెం కొంచెంగా ఇటూ అటూ ఆడించమన్నాడు. చక్రం తిరిగేంత కాదు, జానెడు కూడా కాదు. ఆయన సంచి పరుచుకోని కిందికి పోయి, స్టీరింగ్ బాక్సు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కీలు మీద చెయ్యి పెట్టి చూసినాడు. డ్రాగ్ లింక్, టైరాడ్ ఎండ్లు, బాక్సును ఛాసీకి పట్టుకునే బోల్టులు, కమాన్ బుష్‌లు, యూ బోల్టులు. ఒక ముక్క కదిలినాక దాని పక్క ముక్క ఆలస్యంగా కదిలితే, మధ్యలో వదులు ఉన్నట్లు. నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమన్నాడు. కుడి టైరాడ్ ఎండ్‌లో వదులు నా వేలికే తెలిసింది. కంటితో చూస్తే కనపడదు.

తర్వాత జాకీ పెట్టి ముందు చక్రాలు లేపినాడు. టైరును పైనా కిందా పట్టుకోని ఊపినాడు. కుడిది గట్టిగా ఉంది. ఎడమది టక్కు టక్కుమనింది. మావాడిని బ్రేకు తొక్కమని మళ్లా ఊపినాడు. బ్రేకు తొక్కితే డ్రమ్మూ దాని వెనక ప్లేటూ కలిసిపోతాయి, వీల్ బేరింగ్ వదులైతే ఆ టక్కు పోతుంది. పోలేదు. "కింగ్ పిన్" అన్నాడు.

ఈడ నేను సిగ్గుపడాల్సి వచ్చింది. చక్రాన్ని ఇరుసుకు పట్టుకోని, స్టీరింగ్‌తో తిరిగేలా చేసే గుత్తి ఉంటుంది గదా, దానికి పైన ఒక బేరింగు, కింద ఒక బేరింగు. వాటి బిగువు సన్నని షిమ్ములతో కుదుర్చుతారు. మా జీపు ఎడమ గుత్తి ఆయిల్ సీలు చినిగి, గ్రీసు కారి, చక్రం లోపలి పక్కంతా నల్లగా మట్టి పట్టి ఉంది. అది నిన్నా మొన్నటిది కాదు. నాలుగేండ్ల నుంచి నేను చూస్తాండా. కడిగినప్పుడల్లా చూసి, "వచ్చే పంటకు చేయిద్దాం" అనుకుంటా వచ్చినా. భాయ్ మూత విప్పి కింద బేరింగ్ తీసి నా అరచేతిలో పెట్టినాడు. నీళ్లు పోయి తుప్పు పట్టి, గుండ్లు నడిచే దారిలో గుంతలు పడి ఉన్నాయి. "ఇది పిల్లోడు చేసింది కాదయ్యా" అన్నాడు. మావాడు పక్కనే ఉన్నాడు. నేను వాడి మొగం చూడలేదు.

అట్లని వాడి తప్పు లేదని కూడా కాదు. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, హ్యాండిల్ వైపు వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలినా సైకిల్ నేరుగా పోయేదానికి ఆ వాలు కూడా సాయం చేస్తుంది. జీపు కింగ్ పిన్‌కు కూడా అట్లాంటి వాలు ఉండాలి, క్యాస్టర్ అంటారు. పాత జీపులకు మూడు డిగ్రీల దరిదాపు. మా జీపులో షాకిళ్లు కమాన్‌కు ముందు కొసలో ఉంటాయి. అవి పొడుగైతే కమాన్ ముందు కొస కిందికి దిగి, ఇరుసు మొత్తం ముందుకు దొర్లి, కింగ్ పిన్ నిటారుగా నిలబడిపోతుంది. మావాడు ఫోన్లో కోణం కొలిచే యాప్ తీసి, చదును నేల మీద బండి పెట్టి, కింగ్ పిన్ మూత మీద ఆనించి చూపించినాడు. సున్నాకు దగ్గర వచ్చింది. భాయ్ ఆ ఫోను తీసుకోని రెండుసార్లు చూసినాడు. "మేము కంటితో చూసేవాళ్లం" అన్నాడు గానీ, ముచ్చటపడినాడు.

ఇవన్నీ కలిస్తే ఏమైతుందో భాయ్ బొంగరంతో చెప్పినాడు. తిరిగే బొంగరాన్ని పక్కకు తోస్తే అది తోసినవైపు పడదు, ఇంకో దిక్కుకు పోతుంది. తిరిగే చక్రమూ అంతే. ఒక చక్రం గతుకులో దిగితే ఇరుసు వాలుతుంది, వాలిన చక్రం పక్కకు తిరుగుతుంది. టైరాడ్ ఆ తిరుగుడును రెండో చక్రానికి అందిస్తుంది. అది వెనక్కి కొడుతుంది. గట్టి బండి అయితే రెండు ఊపులకు చచ్చిపోతుంది. కీళ్లల్లో వదులు ఉంటే దానికి ఆడేదానికి జాగా దొరుకుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చినప్పుడల్లా సరిగ్గా తోస్తే ఎట్లా ఎత్తుకు పోతుందో, ఒక వేగం దగ్గర అట్లా పెరుగుతుంది. మా బండికి అది 60. పెద్ద టైరు బరువు ఎక్కువ, కాబట్టి దాని ఊపూ ఎక్కువ. పాత చిన్న టైర్లతో నా చెడిపోయిన బేరింగు నాలుగేండ్లు బయటపడలేదు. వాడి టైర్లూ షాకిళ్లూ వచ్చి దాన్ని బయటికి లాగినాయి.

మావాడు తర్వాత చదివి చెప్పినాడు, 1920లలో కార్లకు గట్టి సన్న టైర్లు పోయి తక్కువ గాలి పట్టే లావు టైర్లు వచ్చినప్పుడు కూడా ఇదే జబ్బు వచ్చిందంట. 1930లలో ముందు చక్రాలు రెండింటికీ వేరువేరు సస్పెన్షన్ వ్యాపించడానికి అదీ ఒక కారణమంట. ఒకటే ఇరుసు ఉన్న బండికి ఇది పుట్టుకతో ఉన్న గుణం అన్నమాట. అమెరికావాళ్లు దీనికి డెత్ వాబుల్ అని పేరు పెట్టుకున్నారు. మా ఇంటామె పెట్టిన పేరు వేరే, ఈడ రాయను.

రిపేరు ఇట్లా జరిగింది. ఎడమ, కుడి రెండు గుత్తులకూ కొత్త బేరింగులు, సీళ్లు. షిమ్ములు వేసి, స్ప్రింగ్ కాటా తగిలించి గుత్తిని లాగి, ఎంత బరువుకు కదులుతాందో చూసి బిగువు కుదిర్చినాడు. టైరాడ్ ఎండ్లు కొత్తవి. పొడుగు షాకిళ్లు తీసేసి పాత కొలతవి వేయించినాము. చేర్పించిన కమాన్ పట్టీలు ఉంచినాము, మావాడు అడిగినాడు, నేను ఒప్పుకున్నా. ఇంకా తక్కువున్న వాలుకు ఇరుసుకూ కమాన్‌కూ మధ్య రెండు డిగ్రీల ఏటవాలు ముక్కలు పెట్టినారు. మొదట అవి తిరగేసి పెట్టినాడు భాయ్ చిన్నకొడుకు, యాప్ పెట్టి చూస్తే ఇంకా తగ్గింది! ఒకటే గుర్తు పెట్టుకోండి, కింగ్ పిన్ పైకొస డ్రైవరు వైపు వాలాలి. ఎక్కువ వాల్చినా ప్రమాదమే. స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసు కోణం చెడుతుంది, వణుకు కూడా తిరిగి రావచ్చు. చివరికి టైర్ల మీద సున్నం గీతలు గీసి, టేపుతో ముందర ఒకసారి, వెనక ఒకసారి కొలిచి, ముందర రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా టైరాడ్ బిగించినాడు.

ఒక్కో పని అయినాక బండి తీసి అదే కల్వర్టు మీద తోలి చూసినాము. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది జబ్బో తెలీదని భాయ్ పట్టుబట్టినాడు. బేరింగుల తర్వాతే ముప్పాతిక పోయింది. షాకిళ్లు మార్చి ముక్కలు సరిగ్గా పెట్టినాక పూర్తిగా పోయింది. డ్యాంపర్ లేకుండానే 75 వరకూ తోలినాము.

జిమ్నీ లాంటి కాయిల్ స్ప్రింగు బండ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. వాటికి ఇరుసును పక్కకు జరగకుండా పట్టుకునే అడ్డ రాడ్డు ఒకటి ఉంటుంది. దాని బుష్‌లు, బోల్టు రంధ్రాలు మొదట చూడండి. బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే ఎంత బిగించినా నిలవదు. ఏ బండి అయినా ఖర్చు లేని పని ముందు చేయండి. గాలి సరిగ్గా పెట్టండి, ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి తోలి చూడండి.

తోలేటప్పుడు వణుకు వస్తే నా మాదిరి బ్రేకు మీద నిలబడొద్దండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నేరుగా పట్టుకోని, బొటనవేళ్లు చక్రం లోపల పెట్టకుండా, బండిని దానంతట దాన్ని మెల్లగా కానీయండి. ఇంకొకటి, రిజిస్ట్రేషన్‌లో కంపెనీ రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తాంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. ఆ సంగతి మాకు లక్ష ఖర్చయినాక తెలిసింది. మావాడు ఆ వెడల్పు టైర్లు అమ్మేదానికి పెట్టినాడు. వాడే తీసుకున్న నిర్ణయం, నేను అడగలేదు.

ఆ తుప్పు పట్టిన బేరింగు ఇప్పుడు మా ఇంట్లో కిటికీ గూట్లో ఉంది. మావాడు పెట్టినాడా, నేను పెట్టినానా అంటే నేనే పెట్టినా. మొన్న శుక్రవారం మా ఇంటామె మళ్లా జీపు ఎక్కింది. బిడ్డను మాత్రం ఇంట్లో వదిలిపెట్టింది. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి నేను చెప్పకుండానే ముందరి కమ్మీ గట్టిగా పట్టుకునింది. దాటినాక కూడా అంగళ్లు వచ్చేదాకా వదల్లేదు.